నా రెండవ రాకడ

ఒక్క మాటతో ఒక పెళ్ళి ఆపి, ఒక ఊరి మొత్తం చేత ఉపవాసాలు చేయించి, చివరికి సాక్షాత్తూ ప్రభువుకే మాట తెచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే తిరుపతిలో మా జిరాక్సు షాపుకు రండి. ఆధార్ కార్డులకు లామినేషన్ వేస్తూ ఒక బట్టతల కనిపిస్తుంది. ఆ ఘనుణ్ణి నేనే. ఆ మాట నేను పగతో అనలేదు, మోసంతో అనలేదు. మర్యాద కోసం అన్నాను. అదే నా కర్మ. క్రైస్తవుణ్ణి కాబట్టి కర్మ అనకూడదు గానీ, దీనికి సరిపోయే మాట మా వాళ్ళ దగ్గర లేదు.

అప్పుడు నాకు పాతికేళ్ళు దాటాయి. శ్రీకాళహస్తి పక్కన మా సంఘం చాలా చిన్నది, క్రిస్మస్ రోజు కూడా చాపలు మిగిలిపోయేవి. అలాంటి సంఘానికి విదేశాలకు ఒక సువార్తికుణ్ణి పంపాలన్న కోరిక పుట్టింది. ఎప్పుడో దొరలు మన దగ్గరికి వచ్చి చెప్పారు, ఇప్పుడు మనం వెళ్ళి ఇంకొకరికి చెప్పాలని పెద్దయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఒక ఆదివారం ప్రకటించారు. ఎవరు వెళ్తారని అడిగేసరికి ఇంగ్లీషు వచ్చినవాళ్ళంతా తలలు దించుకుని బైబిలు పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. నేను చెయ్యెత్తాను. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్నవాడికి ఉద్యోగం కంటే దైవపిలుపే ముందు వినబడుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి నన్ను ఆఫ్రికాలోని మలావి దేశానికి, ఒక కొండ పక్క పల్లెకు, రెండేళ్ళ సేవకు పంపేశారు.

విమానం దిగుతున్నప్పుడు నా ముఖం మీరు చూసి ఉండాల్సింది. ఆ ఖండం మొత్తం చీకట్లో ఉన్నట్టూ, అగ్గిపెట్టె నా జేబులోనే ఉన్నట్టూ నడిచాను. తీరా ఊరికి వెళ్ళి చూస్తే నడిమధ్యలో రాతి చర్చి ఉంది. దాన్ని కట్టేనాటికి మా తాత ఇంకా పుట్టలేదు. మా తాత నాయన గంగమ్మకు పొట్టేళ్ళు కోస్తున్నాడు. నేను వాక్యం చెబుతూ మధ్యలో తడుముకుంటే వెనక బెంచీల్లోంచి ముసలమ్మలు అందించేవారు. బుద్ధి ఉన్నవాడైతే ఆ వారమే తిరుగు విమానం ఎక్కేవాడు. నేను మాత్రం, నా ప్రసంగాల దెబ్బకు వీళ్ళు బైబిలు మొత్తం బట్టీ పట్టేశారని ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.

అసలు నా దగ్గర ఉన్నదే ఒక ప్రసంగం. అది రాకడ గురించి. చర్చి గడప తొక్కని పాఠకుల కోసం చెబుతాను: ప్రభువు పరలోకానికి వెళ్ళాడు, మళ్ళీ వస్తానన్నాడు, ఆ రావడాన్నే మేం రెండవ రాకడ అంటాం. బయల్దేరేముందు పెద్దయ్యగారు ఆ ఒక్క ప్రసంగమే నాకు నేర్పగలిగారు. రెండేళ్ళూ ఆదివారం ఆదివారం దాన్నే ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చెప్పాను. "ఆయన వెళ్ళాడు, వస్తానన్నాడు, కనిపెట్టుకుని ఉండండి" అని చెయ్యి పైకెత్తేవాణ్ణి. నా ఇంగ్లీషును ఇన్నోసెంట్ అనే బడిపంతులు వాళ్ళ భాషలోకి మార్చేవాడు. అతని పేరు నిజంగానే ఇన్నోసెంట్. మనం కృపమ్మ, కరుణమ్మ అని పెట్టుకున్నట్టు వాళ్ళు ఇంగ్లీషులో గుణాల పేర్లు పెట్టుకుంటారు. అతని అనువాదంలో ఒక గుణం ఉంది. నేను ఏది అంటే అదే అనేవాడు, ఒక్క ముక్క అటూ ఇటూ పోనిచ్చేవాడు కాదు.

ఇక ఆ సంఘాన్ని నడిపేది ఏగ్నెస్ అమ్మ. మహిళా సమాజానికి అధ్యక్షురాలు, ఊళ్ళో అందరికంటే పెద్ద చెనక్కాయల చేను, అంటే వేరుశనగ చేను, ఆమెదే, గొంతు ఇంకా పెద్దది. ఆమె మాట్లాడేది వాళ్ళ భాషే. కానీ నడుం మీద చెయ్యి పెట్టుకుని, గడ్డం ఎగరేసి మాట్లాడుతుంటే అచ్చం ఏర్పేడులోని మా పెద్దమ్మను చూసినట్టే ఉండేది. అందుకని ఆమె మాటల్ని మా పెద్దమ్మ మాటల్లోనే రాస్తాను, మీరూ అలాగే వినండి. వాళ్ళు తినేది మొక్కజొన్న సంగటి, అందులోకి చెనక్కాయల పొడి వేసిన ఆకుకూర. నాకు తిండికి ఏ లోటూ జరగలేదు. రెండేళ్ళలో నేను మనసు పెట్టి చేసిన సేవ ఏదైనా ఉంటే ఆ సంగటికే చేశాను.

గడువు ముగిసింది. సంఘం దగ్గర ఇంకొకసారి పంపే స్తోమత లేదు, నా దగ్గర ఇంకొక ప్రసంగం లేదు. అది అక్కడితో ముగిసిన సంగతి నాకూ తెలుసు, పెద్దయ్యగారికీ తెలుసు. ఆఖరి ఆదివారం ఊరంతా చర్చికి వచ్చింది. బయట చెట్టుకు ఒక మేకను కట్టేశారు, అది నా వీడ్కోలు విందుకని ఇన్నోసెంట్ ముందే చెప్పాడు. నేను అరగంట మాట్లాడాను. ఆఖరికి వచ్చేసరికి ఒక చిక్కు పడింది. సెలవు తీసుకోవాలి. ఏమని తీసుకోవాలి?

ఇక్కడే మనవాళ్ళ గుట్టు ఒకటి విప్పాలి. మా ఇంట్లో గడప దాటేటప్పుడు "పోతా" అన్నవాడు బతికి బట్టకట్టలేదు. "పోతా అనేది పీనుగులకు సెల్లుతాది, బతికుండేటోళ్ళు పోయొస్తా అనాల" అని మా అమ్మ మార్తమ్మ చిన్నప్పుడు నా మూతి మీద కొట్టి మరీ నేర్పింది. బాప్తిస్మం తీసుకుని నలభై ఏళ్ళయినా మా అమ్మ వదలని పట్టింపు ఇదొక్కటే. ఎదురింటికి మజ్జిగ ఇవ్వడానికి వెళ్ళినా పోయొస్తా, అప్పులవాడి మొహం మళ్ళీ చూడకూడదని ఊరు విడిచినా పోయొస్తా. ఆ మాటలో పోవడం ఉంది గానీ రావడం లేదు. ఇది మనకు పుట్టుకతో తెలుసు. మలావిలో తెలియదు. తెలియదన్న సంగతి నాకు తోచలేదు.

"ఐ యామ్ గోయింగ్" అనబోయాను. మూతి మీద మా అమ్మ చెయ్యి తగిలినట్టయి నాలుక మడతపడింది. చేతులు జోడించి, గొంతు వణికించి, "ఐ విల్ గో అండ్ కమ్" అన్నాను.

ఇన్నోసెంట్ ఒక క్షణం నా వంక చూశాడు. తర్వాత తన అలవాటు ప్రకారం ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చర్చిలో ఒక్కసారిగా ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ సంతోష ధ్వని చేశారు, డప్పులు మోగాయి, పిల్లలు బెంచీలెక్కారు. చూశావా సామ్యేలూ, నీ వీడ్కోలు ప్రసంగానికి ఖండాలు ఎలా కదులుతున్నాయో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఏగ్నెస్ అమ్మ లేచి ముందుకొచ్చింది.

"ఎప్పుడొస్తావు నాయనా?"

మన పక్క ఎవరైనా ఇలా అడిగితే ఏం చెబుతాం? ఏదో ఒక పంట పేరు చెప్పి తప్పుకుంటాం. అప్పుడే చెనక్కాయ విత్తనాలు వేసి ఉన్నారు. "కాయలు పెరికేటప్పటికి ఈడనే ఉంటాలేమ్మా" అని మా ఊరి పద్ధతిలోనే, ఇంగ్లీషులో అన్నాను. ఆమె జనం వైపు తిరిగి ఏదో ప్రకటించింది. డప్పులు మళ్ళీ మోగాయి. ఆమె ఏం చెప్పిందో ఇన్నోసెంట్ నా చెవిలో వేశాడు. ఆమె కూతురు మెమరీకీ గిఫ్ట్ అనే కుర్రాడికీ వచ్చే నెల అనుకున్న పెళ్ళిని, కాయలు పెరికాక పాస్టరు (వాళ్ళకు నేనే పాస్టరును) తిరిగొచ్చి తన చేత్తో జరిపించేలా వాయిదా వేసిందట. మెమరీ ముఖం మాడింది. నేను చూశాను. పెళ్ళికూతురి సిగ్గు కాబోలనుకుని చప్పట్లు కొట్టాను. అంతటి జ్ఞానిని.

ఆ తర్వాత ఒక మనిషి వెళ్ళి మేక కట్టు విప్పేశాడు. మళ్ళీ వచ్చేవాడికి వీడ్కోలు విందేమిటని వాళ్ళ లెక్క. నాకు మాత్రం సంగటీ ఆకుకూరా వడ్డించారు. రెండేళ్ళు ప్రాణం పెట్టి సేవ చేస్తే ఒక మేకకు కూడా నోచుకోలేదని లోపల కుతకుత ఉడికిపోతూ ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను.

శ్రీకాళహస్తిలో నాకు ఫ్లెక్సీ కట్టారు. "ఆఫ్రికాను కదిలించిన దైవజనుడు" అని అక్షరాలు, నా ఫొటో, నా వెనక నోరు తెరిచిన సింహం. నేను అక్కడ చూసిన అతి పెద్ద జంతువు ఏగ్నెస్ అమ్మ ఎద్దు. సింహం ఎందుకు పెట్టావని ఫ్లెక్సీ అబ్బాయిని అడగలేదు, పైగా నాలుగు సంఘాల్లో సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ సింహానికి కొంచెం కొంచెంగా ప్రాణం పోశాను. గూడూరులో చెప్పేనాటికి అది నా గుడిసె చుట్టూ తిరుగుతోంది.

ఆ గొప్పల్లో తేలుతుండగానే ఇన్నోసెంట్ ఫోన్ చేశాడు. కాయలు పెరకడం మొదలైందట, ఎప్పుడు బయల్దేరుతున్నారని అడిగాడు. నాకు ముందు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమయ్యాక చెమటలు పట్టాయి. అక్కడే, ఆ నిమిషంలోనే, రానయ్యా, అది మా ఊరి మర్యాద మాటయ్యా అని చెప్పేసి ఉంటే పీడ వదిలేది. కానీ పిలిచినవాడి ముఖం మీద రానని చెప్పే నరం నాకు దేవుడు పెట్టలేదు. "దేవుని చిత్తమైతే వస్తాను" అన్నాను. మా సంఘంలో ఆ మాట వింటే ఎవరూ ఎదురుచూడరు, విస్తరి కూడా వేయరు. వాళ్ళు మాత్రం దేవుని చిత్తం తేలడం కోసం పొద్దున్నే ప్రార్థనలు పెట్టారు.

తర్వాతి వారం మళ్ళీ ఫోన్. ఈసారి "ప్రార్థన చేయండి" అన్నాను. ఇది కూడా మనకు ఫోన్ పెట్టేసే మాట. వాళ్ళు శుక్రవారం శుక్రవారం ఊరంతా ఉపవాసం ఉండటం మొదలుపెట్టారు. చెనక్కాయలు పెరికే కాలంలో, ఎండలో నడుం వంచి పని చేస్తూ, ఒక మర్యాదస్తుడి వీసా కోసం కడుపు మాడ్చుకున్నారు. ఆ సంగతి విన్న రోజు నాకు అన్నం సహించలేదు. నిజం చెప్పాలంటే సాయంత్రానికి సహించింది.

మూడోసారి ఫోన్‌లో ఇన్నోసెంట్ కాదు, మెమరీయే బడిలో నేర్చిన ఇంగ్లీషులో మాట్లాడింది. గిఫ్ట్ నాయనకు అనుమానం పుట్టిందట. కాయలు పెరికారు, ఆరబెట్టారు, ఒలిచారు కూడా, పాస్టరు ఎక్కడ అంటున్నాడట. పిల్లనివ్వడం ఇష్టం లేక వీళ్ళే పాస్టరు పేరు చెప్పి సాగదీస్తున్నారని, ఈ నెలాఖరు వరకు చూసి పక్క ఊరి సంబంధం ఖాయం చేస్తానని కబురు పంపాడట. ఏగ్నెస్ అమ్మేమో పాస్టరుకు మాటిచ్చాను, ఆయన లేకుండా పెళ్ళి జరగదని కూర్చుంది.

"పాస్టర్, నాకు ఒక్క మాట చాలు. వస్తారా, రారా?"

"చూద్దామమ్మా" అన్నాను.

"ఏం చూస్తారు?"

దీనికి జవాబు మన రాయలసీమలో ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. ఆ పిల్ల ఫోన్ పట్టుకుని ఏడుస్తోంది. నా మీద నాకు మొదటిసారి అసహ్యం వేసింది. సింహాన్ని గుడిసె చుట్టూ తిప్పిన మొనగాడికి రెండక్షరాల మాట నోట్లోంచి రాలేదు.

సలహా కోసం పెద్దయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ధ్యానించారు. రానని మాత్రం అనొద్దన్నారు. "కమిటీ ఆలోసిస్తా ఉండాదని సెప్పప్పా. కమిటీ ఆలోసిస్తా ఉంటే ఎవురూ అడగరు" అన్నారు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టింది.

"పెండ్లికి పిలిసినోళ్ళను రానని అంటార్రా? నీకు బుద్ధుండాదా? సచ్చినా అనబాకు. వస్తాలే అని సెప్పి గమ్మునుండు."

చూశారా, ఆ తల్లి కడుపునే పుట్టాను. అయినా మెమరీ ఏడుపు చెవుల్లోంచి పోలేదు. నెలాఖరు దగ్గరికొచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో అందరినీ కూర్చోబెట్టమని, వీడియో కాల్ చేస్తానని ఇన్నోసెంట్‌కు చెప్పాను. ఆ రోజు తెల్లవారినప్పటి నుంచి పెరట్లో తిరుగుతూ "రాను, రాను, రాను" అని సాధన చేశాను. పక్కింటామె గోడ మీంచి చూసి, అబ్బాయికి ఒంట్లో బాగుందా అని అమ్మను అడిగింది.

కాల్ కలిసింది. చిన్న తెరలో ఊరంతా ఉంది. ముందు వరుసలో ఏగ్నెస్ అమ్మ, పక్కన మెమరీ, ఇటు చివర కొంచెం ముఖం ముడుచుకుని గిఫ్ట్ నాయన. నన్ను చూడగానే ఆడవాళ్ళు సంతోష ధ్వని మొదలుపెట్టారు. నా పక్కన మా అమ్మ కూర్చుని తెరకు నమస్కారాలు పెడుతూ, నేను నోరు తెరిచినప్పుడల్లా తొడ మీద గిల్లుతోంది. ఇన్నోసెంట్ ఫోన్ పట్టుకుని, చెప్పండి పాస్టర్ అన్నాడు.

చెప్పాను. కళ్ళు మూసుకుని చెప్పాను. నేను రాను, రావాలన్న ఆలోచన మొదటి నుంచీ లేదు అన్నాను. అమ్మ గిల్లిన గిల్లుకు కళ్ళు తెరుచుకున్నాయి. ఎలాగూ తెరుచుకున్నాయని మిగతాది కూడా చెప్పేశాను. మా ఊళ్ళో వెళ్ళేవాడు పోతున్నానని అనడనీ, అది చచ్చిపోయినవాళ్ళ మాటనీ, రాకపోయినా "పోయొస్తా" అనడమే మర్యాదనీ వివరించాను. ఆ తెలుగు మాటను రెండుసార్లు పలికి వినిపించాను. దేవుని చిత్తమైతే అన్నా రానట్టే, ప్రార్థన చేయండి అన్నా రానట్టే, చూద్దాం అంటే అసలే రానట్టు అని కూడా ఒప్పేసుకున్నాను. ఇన్నోసెంట్ పాపం ఒక్క ముక్క వదలకుండా అన్నీ చెప్పాడు.

ఏగ్నెస్ అమ్మ నెమ్మదిగా లేచి ఫోన్ తన చేతిలోకి తీసుకుంది. తెరంతా ఆమె ముఖమే. తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. ఆమె ముఖంలో నిజమైన భయం ఉంది.

"రెండేండ్లు నువ్వు మాకు ఒకటే సెప్పినావు. ఆయన పోయినాడు, మళ్ళా వస్తానన్నాడు, కనిపెట్టుకోని ఉండండి అని. ఇప్పుడు సెప్పు నాయనా. ఆయన కూడా మీ ఊరోళ్ళ మాదిరే అన్నాడా?"

మాట అర్థం కాకపోయినా ఆ ముఖం చూసి, నా తొడ మీద అమ్మ చెయ్యి ఆగిపోయింది. దీనికి ఏ వేదాంత కళాశాలలో అయినా జవాబు నేర్పుతారేమో నాకు తెలియదు, నేను ఏ కళాశాలకూ వెళ్ళలేదు. ఒక ఊరి నమ్మకం మొత్తం నా మర్యాద అంచున నిలబడి ఉంది. కమిటీ ఆలోచిస్తోంది అనడానికి లేదు, చూద్దాం అనడానికి అసలే లేదు. జీవితంలో మొదటిసారి ముందూ వెనకా చూసుకోకుండా నోటికొచ్చింది చెప్పేశాను.

"కాదమ్మా. ఆయనది మా జిల్లా కాదు. ఆయన వస్తానంటే వస్తాడు."

ఇన్నోసెంట్ అనువదించాడు. ఏగ్నెస్ అమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది, అబద్ధానికి నిజానికి తేడా వెతుక్కుంటున్నట్టు. తర్వాత ఆమె గడ్డం మళ్ళీ పైకి లేచింది.

"అట్లయితే సరి. ఆయనకోసం కనిపెట్టుకోనుంటాం. నీకోసమయితే పెండ్లి ఆపేది లేదు. శనివారమే చేస్తాం" అంది. మెమరీ అక్కడికక్కడే లేచి తల్లి మెడ కౌగిలించుకుంది. గిఫ్ట్ నాయన లేచి వచ్చి ఏగ్నెస్ అమ్మకు చెయ్యిచ్చాడు. నన్ను ఎవరూ పట్టించుకోలేదు. కాల్ కట్ చేయడం కూడా మరిచిపోయి అందరూ బయటికి నడిచారు, నేనూ మా అమ్మా ఖాళీ బెంచీలు చూస్తూ కూర్చున్నాం. పెళ్ళి మాత్రం బాగా జరిగిందట. మా అమ్మ నాతో పది రోజులు మాట్లాడలేదు, పెండ్లికి పిలిచినోళ్ళను రానని అన్నందుకు.

నా సేవా ఫలితం ఏమిటని పెద్దయ్యగారు సంవత్సరాంతపు సభలో అడిగితే ఏం చెప్పాలో తోచక, అదే మాట ఇన్నోసెంట్‌ను అడిగాను. ఫలితం ఉందన్నాడు. ఆ ఊరివాళ్ళు నా దగ్గర ఒక తెలుగు మాట నేర్చుకున్నారట. ఎవడైనా అప్పు తీరుస్తానని, పొలానికి వస్తానని, గోడ కట్టిస్తానని చెబితే, పక్కనున్నవాళ్ళు పళ్ళికిలించి "పోయొస్తా" అంటారట. మనిషి మాట మీద నిలబడడని చెప్పడానికి ఇంతకుముందు వాళ్ళ భాషలో పెద్ద వాక్యం కావాల్సి వచ్చేదట, ఇప్పుడు ఒక్క ముక్కతో పని జరిగిపోతోందట. సభలో నేను ఆ ఫలితాన్ని చదవలేదు. సింహం గురించి చెప్పి కూర్చున్నాను.

కాబట్టి ఇందుమూలంగా, ఆధార్ లామినేషన్ మిషను మీద చెయ్యి పెట్టి, పాఠకులందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. నేను ఇక ఎవరి గడప దాటేటప్పుడూ పోయొస్తా అనను. చూద్దాం అనను. పెళ్ళికి పిలిస్తే వస్తానో రానో మొహం మీదే చెబుతాను. దేవుని చిత్తాన్ని నా బద్ధకానికి అడ్డం పెట్టను. ఈ ప్రమాణం ఈ క్షణం నుంచే అమల్లోకి వస్తుంది. కథ అయిపోయింది, నేను పోతున్నాను, మళ్ళీ రాను. ఈ మాట మా అమ్మ చెవిన పడకుండా మీరే చూసుకోవాలి.